ఇనప గేదె

చనిపోయిన రోజు పొద్దున వదిన ఒక బెంచీకి కాలు అతికింది. పక్క వీధి బడిలోని బెంచీ అది, పిల్లలు ఎక్కి తొక్కి విరగ్గొట్టారు. వెల్డింగుతో అతుకు వేసి, పైన కట్టిన పొరని సుత్తితో రాలగొట్టి, బెంచీని షెడ్డు ముందు నీడలో పెట్టి, సుద్దముక్కతో దాని మీద “వేడిగా ఉంది, కూర్చోకండి” అని రాసింది. తర్వాత లోపలికెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. కాసేపు నడుం వాలుస్తానని గోనెసంచుల మీద పడుకుంది. మళ్ళీ లేవలేదు.

సాయంత్రానికి షెడ్డు ముందు జనం నిండిపోయారు. చోటు లేక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు, కొందరు పాత టైర్ల మీద కూలబడ్డారు. బెంచీ చల్లారి చాలాసేపయింది. అయినా దాని మీద ఒక్కరూ కూర్చోలేదు. పిచ్చుక కూడా కూర్చోలేదు.

పిచ్చుక వదినకి ఆడపడుచు. చిన్నప్పుడు రివటలా ఉండేది కాబట్టి కాపరానికి వచ్చిన మొదటి వారంలోనే వదిన ఆ పేరు పెట్టేసింది. ఆ పిచ్చుక నోట “వదినా, వదినా” అన్న పిలుపు రోజంతా వీధి చివరిదాకా వినిపించేది. వినీ వినీ పాలవాడూ, ఎదురింటి ముసలాయనా, ఆఖరికి ఆ ముసలాయన మనవలూ కూడా ఆమెని వదినా అనే పిలవడం మొదలుపెట్టారు. “ఇంతమంది ఆడపడుచులూ మరుదులూ ఉన్నారని ముందే చెప్పుంటే ఈ సంబంధం ఒప్పుకునేదాన్నే కాదు” అనేది వదిన.

ఆమె పుట్టింది లారీలకి బాడీలు కట్టే ఇంట్లో. కొత్త లారీ వచ్చినప్పుడు దానికి ఇంజనూ, చక్రాలూ, పొడుగాటి చట్రమూ తప్ప ఏమీ ఉండవు. డ్రైవరు కూర్చునే గది, సరుకు వేసే తొట్టి, వెనక తలుపు, అన్నీ వాళ్ళ నాన్న షెడ్డులోనే తయారయ్యేవి. ఆయనకి కొడుకులు లేరు. ఉన్నా కూతురు నేర్చుకున్నంత నేర్చుకునేవారు కాదని ఆయనే అనేవాడు. పెళ్ళయ్యాక ఆమె ఆ పనిని సారెలా వెంటబెట్టుకొచ్చింది. పిచ్చుక అన్నయ్య లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. అతను ఒక దూరప్రయాణం ముగించుకుని వచ్చేసరికి ఇంటి ముందు ఖాళీ జాగాలో గొట్టాలు పాతి, రేకులు కప్పిన షెడ్డు లేచి ఉంది.

“కోడలొచ్చి ఇంట్లో దీపం పెడుతుందనుకున్నాను. ఇది వాకిట్లో పిడుగులు రాలుస్తోంది” అని పిచ్చుక వాళ్ళమ్మ సణిగింది.

“పిడుగులు కావత్తయ్యా, నిప్పురవ్వలు. పిడుగులు మీ నోట్లోంచే రాలతాయి.”

అందరికన్నా ముందు నవ్వింది అమ్మే. ఆనాటి నుంచి అత్తాకోడళ్ళు పోట్లాడుకోని పూట లేదు, విడిగా అన్నం తిన్న పూటా లేదు.

వదినకి ఒక అలవాటుండేది. కాని పని గురించి ఎవరైనా చెబితే కాదనేది కాదు, అవుననేది కాదు. “చూద్దాం” అనేది. కొత్తవాళ్ళు ఆ మాట విని తప్పించుకుంటోందనుకునేవారు. ఇంట్లోవాళ్ళకి తెలుసు, వదిన చూద్దామందంటే పని సగం అయిపోయినట్టే.

ఒక ఏడాది రెండు దండ్లు ఊరి కోసం కొట్టుకున్నాయి. ఎవరు ఎవరి పక్షమో ఊళ్ళోవాళ్ళకే సరిగ్గా తెలిసేది కాదు. తెలిసిందల్లా పిండిమిల్లు మేడ మీదకి తుపాకులు ఎక్కాయని. ఊరికీ ఆస్పత్రికీ మధ్య పొలాల్లోంచి తిన్నగా పోయే రోడ్డు ఒక్కటే దారి. చెట్టు లేదు, గట్టు లేదు. మేడ మీంచి చూసేవాడికి అది అరచేతిలో గీత. దాని మీద ఏది కదిలినా కాల్చేవారు, కుక్కనైనా సరే. మందులు తెస్తున్న ఆస్పత్రి వ్యాను అద్దాలు పగిలి, రోడ్డు పక్క గుంటలో ఒక చక్రం పైకెత్తి పడుండేది.

అప్పటికి పిచ్చుక నిండు చూలాలు. పురిటికని పుట్టింటికి వచ్చి ఇరుక్కుపోయింది. ఆమె భర్త ఆస్పత్రిలోనే నీళ్ళ పంపులు చూసే మనిషి, దారి మూసుకుపోయిన రోజు డ్యూటీలో ఉండి అవతలే ఆగిపోయాడు. అది ఆమెకి రెండో కాన్పు. మొదటి బిడ్డ కడుపులో అడ్డం తిరిగింది. ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైంది, బిడ్డ దక్కలేదు. ఈసారి నొప్పులు రాకముందే వచ్చెయ్, కోసి తీస్తానని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఇప్పుడు మంత్రసాని వచ్చి, పొట్ట మీద చెయ్యి వేసి, చాలాసేపు తడిమి, చెయ్యి కడుక్కుంది.

“మళ్ళీ అడ్డమేనా?” అంది అమ్మ.

“నా చేతుల్లో లేదమ్మా. ఎలాగైనా అవతలికి తీసుకెళ్ళండి. ఇంకో వారం ఆగుతుందేమో, ఆగదేమో.”

పిచ్చుక గోడవైపు తిరిగి పడుకుంది. వదిన గుమ్మంలో నిలబడి వెల్డింగు ముసుగు అద్దం తుడుచుకుంటోంది. తుడిచిందే తుడుస్తోంది.

“చూద్దాం” అంది.

ఆ మధ్యాహ్నమే ఉల్లిపాయల మామ ఇంటికి వెళ్ళింది. ఆయనకి ఊరవతల ఉల్లితోట, పండిన పంట మోయడానికి ఒక ముసలి లారీ ఉండేవి. వయసులో ఉండగా కొన్నేళ్ళు సైన్యంలో పనిచేశాడు. ఆ గుర్తుగా ఒక పాత తుపాకీ, తెల్లారగట్ల లేచే అలవాటు మిగిలాయి.

“మామా, నీ బండి కావాలి.”

“దేనికి?”

“దానికి ఇనప చొక్కా తొడగాలి.”

మామ బీడీ ఆర్పాడు. “అది ఎండ కాస్తే ఆగిపోద్ది, వాన పడితే కదలదు. నాలాగే. దానికి చొక్కా ఎందుకు?”

“పిచ్చుకని ఆస్పత్రికి చేర్చాలి.”

మామ తాళంచెవి మేకుకి వేలాడుతుంటే కళ్ళతో చూపించాడు.

డబ్బు లేదు. ఉన్నా ఊళ్ళోకి ఇనుము వచ్చే దారి లేదు. కాబట్టి వదిన నోరు ఖర్చుపెట్టింది. బడి మేడ మీద తుప్పుపట్టిన నీళ్ళ ట్యాంకు అడిగింది, ఇచ్చారు. మూతపడ్డ కొట్ల షట్టర్లు అడిగింది, కొందరిచ్చారు. ఇవ్వనివాళ్ళ ఇంటిముందు కూర్చుని, వాళ్ళింట్లో ఎవరి కాన్పు ఎప్పుడు ఏ ఆస్పత్రిలో జరిగిందో ఒకటొకటే గుర్తుచేస్తుంటే, వాళ్ళే విప్పి మోసుకొచ్చారు. దున్ని దున్ని అరిగిపోయిన ట్రాక్టరు నాగటి పళ్ళేలు పొలాల నుంచి వచ్చాయి. ఇంకా చాల్లేదు. వదిన ఇంట్లోకి వచ్చి అమ్మ గదివైపు చూసింది.

“నా బీరువా మీద కన్నేశావేంటే?” అంది అమ్మ.

“తలుపులు చాలత్తయ్యా. అరలు మీకే.”

“తలుపుల్లేని బీరువా, పళ్ళు లేని నోరూ ఒకటే.”

“మీకు పళ్ళు లేకపోయినా నోరు బానే పనిచేస్తోందిగా.”

అమ్మ చీరలు మంచం మీద కుప్ప పోసుకుంటూ, “నా కూతురు క్షేమంగా రావాలి, అప్పుడు నీ సంగతి చెప్తాను” అంది. అరలు కూడా ఇచ్చేసింది.

ఉల్లిపాయల మామ ఒక షట్టరు రేకుని మట్టిగుట్టకి ఆనించి తుపాకీ పేల్చాడు. గుండు రేకులోంచి దూసుకుపోయింది. ట్యాంకు రేకు దళసరిది, దానికీ చిల్లు పడింది. వదిన ఆ చిల్లులో వేలు పెట్టి చూసింది. తర్వాత రెండు రేకుల మధ్య ఖాళీ వదిలి, అందులో ఇసుక కూరి మళ్ళీ కాల్చమంది. ఈసారి పై రేకు చిరిగింది కాని లోపలి రేకు పుక్కిలి పట్టిన బుగ్గలా ఉబ్బి ఆగింది. వదిన ఆ ఉబ్బుని అరచేత్తో నిమిరింది.

“మా నాన్న ఎప్పుడూ సరుకు బయటికి రాకుండా గోడ కట్టేవాడు. ఇది బయటిది లోపలికి రాకుండా కట్టాలి. అంతేగా తేడా” అంది.

అంత తేలిక కాలేదు. నాలుగు వైపులా ఇసుక పోసేసరికి లారీ గర్భిణిలా కుంగి, చక్రాలు రేకులకి ఒరుసుకున్నాయి. వదిన వరసకి బాబాయి అని పిలిచే లేత్ ముసలాయన వీధి చివర ఉండేవాడు, ఇరుసులూ మరలూ కోయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన పాడైన ట్రాలీ నుంచి బరువు మోసే కమాను పట్టీలు ఊడదీసి దీనికి బిగించాడు. అయినా బరువు ఎక్కువే. ఆలోచించి కుడివైపు ఇసుక తీసేశారు. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు మిల్లు ఎడమచేతివైపు ఉంటుంది, గుళ్ళు అటునుంచే వస్తాయి. కుడివైపు ఒట్టి రేకు చాలన్నారు. ముందువైపు మూసేస్తే ఇంజనుకి గాలి ఆడక నీళ్ళు సలసల కాగాయి. వదిన ఆ రేకుని పట్టీలుగా కోసి, గాలి దూరేలా ఏటవాలుగా అతికింది. అద్దం స్థానంలో వేలెడు సందు మిగిల్చింది.

తయారైన దాన్ని చూసి అన్నయ్య చుట్టూ తిరిగాడు. “గేదె మూతికి బుట్ట కట్టినట్టుంది.”

“గేదే నయం, పాలిస్తుంది” అంది అమ్మ. “ఇనప గేదె.”

పేరు అలా స్థిరపడింది.

పిచ్చుక మాత్రం దాన్ని చూసి నాలుగడుగులు వెనక్కి వేసింది. లోపల చీకటి. కుళ్ళిన ఉల్లి వాసన. కింద పాత చెక్కల మీద పరిచిన రేకు, రేకు మీద పరుపు.

“నేనెక్కను. శవపెట్టెలా ఉంది” అంది.

వదిన లోపలికెక్కి, పరుపు మీద కాళ్ళు బారజాపి పడుకుని, కళ్ళు మూసుకుని గురక పెట్టింది. ముందు దొంగ గురక. రెండు రోజులుగా నిద్ర లేని మనిషి కదా, కాసేపటికి అది నిజం గురకైంది. అన్నయ్య లేపబోతే పిచ్చుకే వద్దంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆ ఇనప గోడల మధ్య నిద్రపోతున్న వదినని చూస్తూ నిలబడింది. తర్వాత, “సరే, ఎక్కుతాను. ఇంకేదైనా భయపెట్టే మాట చెప్పారంటే మాత్రం దిగిపోతాను” అంది.

మర్నాడు పొద్దు పొడిచాక బయల్దేరారు. మిల్లు పడమట ఉంది, ఆ వేళకి ఎండ మేడ మీదివాళ్ళ కళ్ళలో కొడుతుంది. ఆ ఎంపిక ఉల్లిపాయల మామది. అన్నయ్య స్టీరింగు పట్టుకున్నాడు. వెనక పిచ్చుక, అమ్మ. వదిన పక్క సీట్లోకి ఎక్కబోతుంటే అన్నయ్య అడ్డుపడ్డాడు.

“నువ్వెందుకు? బండి బరువు చాలదా?”

“దారిలో ఏదైనా ఊడితే ఏ రేకు ఎక్కడుందో నీకు తెలుసా?”

“ఊడకుండా అతికానన్నావుగా.”

“అతికాను. నీ డ్రైవింగు మీదే నా అనుమానం.”

వెనక తలుపు మూసుకుంది. బయట గడియ పడిన చప్పుడు పిచ్చుకకి పొట్టలో వినపడింది. బండి కదిలింది. ఊరి ఇళ్ళు దాటేదాకా ఏమీ లేదు. పొలాల్లోకి రాగానే ఎడమ గోడ మీద ఎవరో పిడికిలితో గుద్దినట్టు ధబ్బుమంది. తర్వాత మళ్ళీ. ఇసుక జరజరా జారిన చప్పుడు. అమ్మ కూతురి తల ఒళ్ళో పెట్టుకుని, “ఎవరో తలుపు కొడుతున్నారే, ఇంట్లో లేమని చెప్పు” అంది. పిచ్చుకకి నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే మొదటి నొప్పీ వచ్చింది. గుంటల్లో బండి ఎగిరిపడుతోంది. ఇంజను గేదెలాగే రొప్పుతోంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె కింద ఉన్న రేకుని మడమలతో తన్నింది. అది కదల్లేదు.

ఆస్పత్రి వసారా మీదకి బండిని వెనక్కి తోలి, తొట్టి వెనక భాగాన్ని గుమ్మానికి ఆనించాడు అన్నయ్య. తలుపు తెరిస్తే తిన్నగా వసారాలోకే దిగొచ్చు, ఇటూ అటూ గోడలు. గుమ్మంలో బండి మోత విని వచ్చిన పిచ్చుక భర్త, నర్సులు స్ట్రెచరుతో సిద్ధంగా ఉన్నారు. వాళ్ళ గొంతులు ఆమెకి అడుగు దూరంలో వినిపిస్తున్నాయి. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

అమ్మ చేతులతో తడిమింది. లోపల గడియ లేదు, పిడి లేదు. నున్నటి రేకు.

బాడీలు కట్టేవాళ్ళకి పుట్టుకతో వచ్చిన అలవాటు అది. లారీ తలుపుకి గడియ బయటే పెడతారు, దాని పిడి తొట్టి కుడి పక్క గోడ మూలన పెడతారు, డ్రైవరు దిగి లాగడానికి వీలుగా. సరుకు లోపల్నుంచి తలుపు తీసుకోదు కదా. తాత తండ్రుల నాటి నుంచి అలాగే కట్టారు, వదినా అలాగే కట్టింది. బండి వెనక్కి తిరిగేసరికి ఇంతసేపూ ఎడమవైపున్న మిల్లు ఇప్పుడు కుడివైపుకి వచ్చింది. పిడి ఉన్నది అటే, వసారా గోడకి బయట. ఇసుక లేనిదీ అటే.

ముందు గదిలోంచి అన్నయ్య గొంతు వినిపించింది. “నేను దిగుతాను.”

“నువ్వు ఇంజను ఆపకు. ఆగితే మళ్ళీ స్టార్టవదు” అంది వదిన. ఎడమ తలుపు తెరిచిన చప్పుడు, చెప్పుల చప్పుడు బండి ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చింది. మామూలు నడకే. పరిగెత్తలేదు.

పిడి లాగితే రాలేదు. దారిలో చట్రం మెలిపడి గడియ పట్టేసింది. సుత్తి మోగడం మొదలైంది. లోపల ఉన్నవాళ్ళకి ఆ మోత తల మీద కొట్టినట్టుంది. సుత్తి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఇంకో రకం చప్పుడు, సన్నగా, రేకు చిరిగినట్టు. పిచ్చుక తలవైపు గోడలో ఒక చిల్లు పడి, అందులోంచి ఎండ దారంలా లోపలికి వచ్చింది. అమ్మ కూతురి మీదకి వంగిపోయి కప్పేసింది. “వదినా, వచ్చెయ్” అని పిచ్చుక అరిచింది. సుత్తి ఆగలేదు. తొందరపడను కూడా లేదు. షెడ్డులో మొండి మేకుని దారికి తెచ్చే వరసే అది, ఒక దెబ్బ, చూసుకోవడం, మరో దెబ్బ.

గడియ జారింది. తలుపు వసారాలోకి పడింది, వెలుగు, చేతులు, స్ట్రెచరు. మోసుకుపోతుంటే పిచ్చుక తల తిప్పి చూసింది. వదిన సుత్తి చంకలో పెట్టుకుని వసారా స్తంభం చాటున నిలబడి ఉంది. చెవి కింద రేకు ముక్క గీరుకుని రక్తం కారుతోంది. “నన్నేం చూస్తావు, పని చూసుకో” అంది.

ఆ పూటే ఆడపిల్ల పుట్టింది. కోసి తీశారు. కేక వినగానే వదిన ఆస్పత్రి సామాను గదిలో వెల్డింగు రాడ్లున్నాయేమో అడగడానికి వెళ్ళింది. రెండో రోజుకి గడియ తలుపు లోపలివైపు చేరింది. దారి తెరుచుకునేదాకా ఇనప గేదె అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. విరిగిన కాళ్ళనీ, జ్వరాలనీ, పాలడబ్బాలనీ, ఒకసారి డాక్టరమ్మనీ మోసింది. ప్రతిసారీ పక్క సీట్లో వదినే. తర్వాత పోరు సద్దుమణిగింది. రేకులు విప్పి ఎవరివి వాళ్ళకిచ్చారు, చిల్లులతో సహా. అమ్మ బీరువా తలుపులు తిరిగొచ్చాయి, ఒకదానికి నడుమ ఉబ్బు. అమ్మ దాన్ని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి, చేయి పెట్టి తడమమనేది.

ఆ గడియ సంగతి మాత్రం ఇంటిల్లిపాదికీ చిరకాలం నవ్వుకోడానికి పనికొచ్చింది. వదిన ఏ గేటు చేసినా అన్నయ్య వచ్చి, “లోపల్నుంచి తీసుకోవచ్చా, లేక నువ్వొచ్చి సుత్తితో కొట్టాలా?” అనేవాడు. “అన్నీ ఆలోచించింది, మనుషులు దిగాలన్న సంగతే మర్చిపోయింది” అని అమ్మ వంతపాడేది. ఆ రోజు పుట్టిన పిల్ల మాటలు నేర్చాక అదీ అందుకుంది, “అత్తా, నన్ను ఉల్లిపాయల బస్తా అనుకున్నావా?” అని. పిచ్చుకా నవ్వేది. వదిన కూడా నవ్వేది. “అలవాటులో పొరపాటు” అని తల వంచుకుని ముసుగు దించేది.

ఆమె పోయిన కొన్నాళ్ళకి పిచ్చుక, అన్నయ్య షెడ్డు సర్దుతుంటే లేత్ బాబాయి కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. కళ్ళు సరిగ్గా ఆనవు, చేతులు వణుకుతాయి. అన్నయ్య ఏదో మాటల్లో నవ్విద్దామని గడియ సంగతి ఎత్తాడు. బాబాయి నవ్వలేదు.

“అది మర్చిపోలేదురా” అన్నాడు. “బయల్దేరే ముందురోజు సాయంత్రం తనే చూసుకుంది. గడియ లోపలికి మార్చడానికని మిగిలిన రాడ్లు పక్కన పెట్టుకుంది, ఊళ్ళో అవే ఆఖరివి. ఇంతలో పరుపు సర్దుతుంటే కింద రేకు ఊగింది. ఉల్లి చెమ్మకి చెక్కలు పుచ్చిపోయి రేకు గాల్లో నిలబడింది. గుంటల్లో ఊడితే పిల్ల రోడ్డు మీద పడుద్ది. రాడ్లన్నీ ఆ రేకు అతకడానికే కాల్చేసింది.”

పిచ్చుక చేతిలో ఉన్న గోనెసంచి కింద పెట్టింది.

“మరి తలుపో అన్నాను. నేనుంటానుగా, దిగి తీస్తానంది. ఎవరికీ చెప్పకు బాబాయ్, చెబితే పిచ్చుక బండెక్కదు అంది.”